ఇతర కూరగాయలు

ఆషింగ్టన్‌లో సెప్టెంబరు రెండో శనివారం.
గుడారం నిండా ఉల్లి, తడిగడ్డి, వేడి టీ వాసన.
తెల్లగుడ్డ పరిచిన బల్లల మీద
లీక్ కాడలు, పసిపిల్ల తొడంత లావు.
వాటికి పాలు పట్టారట.
వారం రోజులు రాత్రిళ్ళు పక్కనే పడుకున్నారట,
ఎవరైనా చీకట్లో కత్తి పెట్టి పోతారని.
ఇక్కడ కూరగాయలకీ శత్రువులున్నారు.

నాది నలభై మూడో తరగతి.
పొడుగు కారెట్‌కి ఒకటి, పొట్టి కారెట్‌కి ఒకటి,
బీట్‌రూట్‌కి వేరే,
ఎందులోనూ ఇమడనివాటికి చివర్న
గాలి కొట్టే మూల ఒక బల్ల:
"ఇతర కూరగాయలు. ఒకే పోలికవి మూడు."

మూడు బీరకాయలు పెట్టాను.

మే నెలలో అద్దాలగదిలో మొలిపించాను.
సీసాల్లో నీళ్ళకి పగలంతా ఎండ తాగించి
రాత్రి పాదుకి కాపలా ఉంచాను.
పువ్వేమో సాయంత్రం విప్పుతుంది,
ఇక్కడి తేనెటీగలు అప్పటికే ఇళ్ళకి పోతాయి.
డ్యూటీ దిగొచ్చి, మందులషాపు కోటు విప్పకుండానే
చెవిలో పెట్టే దూదిపుల్లతో
నేనే పెళ్ళిళ్ళు చేశాను.
పదిహేడు పెళ్ళిళ్ళకి మూడు కాయలు.

జడ్జిగారు వచ్చింది, కొలబద్దతో.
కాయ మీద వేలు నడిపి అడిగింది:
"ఈ గట్లు జబ్బా, నైజమా?"
నైజమే. పది ఉంటాయి, లెక్కపెట్టుకోండి.
నిజంగానే లెక్కపెట్టింది.
కార్డు మీద "ఆసక్తికరం" అని రాసింది.
ఈ దేశంలో ఆ మాటకి అర్థం
నాకు పదకొండేళ్ళుగా తెలుసు.

రెండింటికి పక్క గుడారంలో మట్టి గురించి ఉపన్యాసం.
వక్త కత్‌బర్ట్ డోడ్స్, ఎనభై ఒకటి.
ముప్పై కుర్చీలు, తొమ్మిదిమంది, ఒక కుక్క.
మైకు కీచుమనగానే కుక్క లేచిపోయింది.
"గనిలో ఉన్నన్నాళ్ళూ
ఇది నన్నెప్పుడు కప్పేస్తుందా అని భయం.
పైకొచ్చాక నేనే దీనికి గడ్డి కప్పుతున్నాను."
గుప్పెడు తీసి పిసికి, ముద్ద చేసి
బొటనవేలితో నెట్టాడు.
విచ్చుకుంటే విత్తు. అంటుకుంటే ఆగు.
అరగంట ఉపన్యాసం ఆరు నిమిషాల్లో ముగిసింది.

తర్వాత నా మూలకి వచ్చాడు.
బహుమతులున్న బల్లలన్నీ దాటుకుని.
కాయల్ని చూడలేదు. పక్కన
గింజల కోసం తెచ్చిన నిరుటి ఎండుకాయ,
తొక్క ఊడి పీచు బయటపడ్డది,
దాన్ని పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇది మా అమ్మ దగ్గరుండేది.
పొయ్యి ముందు రేకుతొట్టి. నాన్న బొగ్గుతో వచ్చి కూర్చునేవాడు.
చేతులు, మెడ, మోకాళ్ళు, అన్నీ తోమనిచ్చేవాడు.
వీపు మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు.
కడిగితే నడుంలో సత్తువ పోతుందని
కింద పనిచేసే వాళ్ళందరి నమ్మకం.
గని మూసేసిన రోజు
బూట్లయినా విప్పకుండా అన్నాడు:
ఇంక తోమెయ్, మెగ్.
నీళ్ళు మూడుసార్లు మార్చాం.
పారబోసింది నేనే."

మా వైపు దూరపు వరసల్ని
బీరకాయ పీచు చుట్టరికం అంటారు.
పట్టుకుని లాగితే
ఎక్కడెక్కడిదో అల్లుకుని వస్తుంది.
ఆ మాట ఆయనకి ఇంగ్లీషులో చెప్పబోయాను.
కాయ వరకు వచ్చింది. పీచు దగ్గర ఆగిపోయింది.

తీసుకోండి అన్నాను.
చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.
గింజలు మోగాయి.
"ఎప్పుడు పెట్టాలి?"
ఏప్రిల్ చివర్లో, వెచ్చగా, గోడవార.

నలభై ఏళ్ళుగా ఆ గోడవార
ఆయన లీకులు తప్ప మరోటి మొలవలేదని
ఊరందరికీ తెలుసు.

కాసేపు తన చేతులకేసి చూసుకుని
"రెండు లీకుల్ని జరుపుతాలే" అన్నాడు.