కంచె మీద కంబళి

కిందటేటి కేలెండర్ వెనక అంతా తెలుపే.
అందులో రాస్తున్నాను తోట సంగతులు.
అటువైపు తేదీల మీద కొట్టిన సున్నాలు
కాస్త ఇటు కనిపిస్తాయి, ఫరవాలేదు.

మార్చి పదకొండు.
వంటింటి కిటికీలో పెరుగు డబ్బాలు ముప్ఫయ్యారు.
ఒక టమాటా మొలక
టోపీ తీయకుండానే లోపలికొచ్చిన చుట్టంలా
నెత్తిన గింజ పెంకుతో పైకి లేచింది.
వేలు ఉమ్మితో తడిపి మెల్లిగా ఊడదీశాను.
రెండాకులు విప్పుకుని
నన్ను కాదు, కిటికీని చూసింది.

మార్చి ఇరవై.
పిడికెడు మట్టి తీసి నొక్కాను. ముద్దయింది.
ముద్దయితే ఆగు, పొడైతే విత్తు:
మా అత్త లిబూషె చెప్పినవాటిలో
ఇదొక్కటే నా దగ్గర మిగిలింది,
తక్కినవన్నీ చివరికి ఆవిడే మరిచిపోయింది.
ఆగాను.
అద్దం కింద మాత్రం నాలుగు వరసలు ముల్లంగి చల్లాను,
ఆగడం అంత తేలికేం కాదు.

ఏప్రిల్ రెండు.
బఠాణీలు నానబెట్టి మూడు బారల సాలులో వేశాను.
సాయంత్రమే ఒక నల్లపిట్ట
చేతులు వెనక్కి కట్టుకున్నట్టు
సాలు పొడవునా నడిచింది, ఆగింది, తొంగి చూసింది.
ఇరవై తొమ్మిదేళ్ళు రైల్లో టికెట్లు చూసినదాన్ని,
ఆ నడక నాకు తెలుసు.

ఏప్రిల్ ఆరు.
ఆప్రికాట్ పూసింది.
ఆకు ఒక్కటీ లేదు, కొమ్మ కనబడదు.
రొట్టెముక్క నోట్లోనే మరిచి నిలబడిపోయాను.
బ్ర్నోకి దక్షిణాన ఈ పల్లెల్లో
అందరి ఆప్రికాట్‌లదీ ఒకటే వరస,
ముందు పూయడం, తరవాత భయపడడం.

ఏప్రిల్ తొమ్మిది, రాత్రి.
రేడియో మైనస్ నాలుగంది.
ఉన్న దుప్పట్లన్నీ, పరుపు గలేబు, పెళ్ళినాటి టేబుల్‌గుడ్డ
నిచ్చెన మీంచి కప్పుతున్నాను.
ఉత్తరం కొమ్మకి ఏమీ మిగల్లేదు.
కంచెకి అవతల ఓటకార్ ఇల్లు.
ఏడాదిన్నరగా మాకు మాటల్లేవు.
ఆయన వాల్‌నట్ చెట్టు నా ఉల్లిమడిని మింగేస్తోందని నేనన్నాను.
ఆయన కూడా ఒక మాటన్నాడు,
అది ఇక్కడ రాయను.
టార్చి వెలుగొకటి ఊగింది.
దభీమని కంచె మీద పడింది
కలరా ఉండల వాసనేసే పాత సైనిక కంబళి.
తరవాత ఇంకోటి.
తలుపు గడియ పెట్టిన చప్పుడు.

ఏప్రిల్ పది.
పెళ్ళినాటి గుడ్డ దేనికీ పనికిరాలేదు.
దాని కింద పువ్వులన్నీ టీ రంగుకి తిరిగాయి.
ఉత్తరం కొమ్మ మాత్రం
కంబళి తీయగానే ఏమీ తెలియనట్టు తెల్లగా.

ఏప్రిల్ ఇరవై ఏడు.
మొదటి ముల్లంగులు పద్నాలుగు. రెండు బీటలు వారాయి, తినేశాను.
కంబళ్ళు ఎండలో వేసి, మడిచి, కంచె మీద పెట్టి
పైన ముల్లంగి కట్ట ఉంచాను.
చీకటి పడేసరికి కంబళ్ళు లేవు, ముల్లంగులూ లేవు.
పొద్దున చూస్తే కంచె మీద
తడిగుడ్డలో చుట్టిన ముల్లంగి ఆకులు.
నా కుందేలు సంగతి ఆయనకి తెలుసన్నమాట.

మే పన్నెండు.
ఈరోజు పాంక్రాట్స్, రేపు సెర్వాట్స్, ఎల్లుండి బోనిఫాట్స్,
ముగ్గురు మంచుమనుషులు.
వాళ్ళ వెనకే ఝోఫియె, బిందె తొణుకుతూ వచ్చే మనిషి.
నలుగురూ దాటేదాకా నారు గడప దాటకూడదు.
టమాటాలు కిటికీ అద్దానికి ముక్కు ఆనించి
మెడలు వంకర పెట్టుకున్నాయి.
పొద్దుపోక ఆప్రికాట్ పిందెలు లెక్కపెట్టాను,
నలభై రెండు.
మళ్ళీ లెక్కపెడితే నలభై ఒకటి.
ఒకటి పురుగు చుట్టిన ఆకు.

మే పదహారు.
మోకాళ్ళ మీద టమాటా గుంటలు తీస్తున్నాను.
పైనుంచి ఒక గొంతు:
"బఠాణీలు పడిపోతున్నాయి."
"తెలుసు," అన్నాను.
సోమవారం నుంచీ పడే ఉన్నాయి.
పుల్లల కట్ట కంచె దాటి వచ్చింది,
కొమ్మలు కొమ్మలుగా చీలిన మంచి పుల్లలు.
హేజెల్‌వి. వాల్‌నట్‌వి కావు. చూశాను.
ఒక్కొక్కటే గుచ్చుతుంటే
బఠాణీ తీగ అప్పుడే వేలు చాచింది, పట్టు ఇంకా దొరకలేదు.

ఉల్లిమడి మీదికి నీడ ఈరోజు
రెండూ పదికి వచ్చింది.
రాసి ఉంచాను.