కౌంటర్ అవతల

బకీ రేవులో వాన పక్కవాటుగా కురుస్తుంది.
గొడుగు పట్టుకున్నవాడు పొరుగూరివాడని ఇట్టే తెలిసిపోతుంది.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ లైబ్రరీ కౌంటర్ వెనక
రోజుకి నలభై సార్లు నా నోటి వెంట వచ్చే మాట ఒకటే:
రెన్యూ.

పూర్వం రబ్బరు ముద్ర ఉండేది.
తేదీ చక్రం బొటనవేలితో తిప్పి ఠక్కున వేస్తే
పుస్తకానికి మరో మూడు వారాల ఆయుష్షు.
ఇప్పుడు తెర మీద ఒక నొక్కు.
చప్పుడు లేని ఆయుష్షు మీద
నాకింకా గురి కుదరలేదు.

నవంబరులో, తడి కోటు విప్పకుండానే
లెతెబ్రహాన్ అడిగింది, "ఆ మాటకి అర్థమేంటి?"
"రె అంటే మళ్ళీ, న్యూ అంటే కొత్త."
ఆమె పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.
చలి నేలల్లో టమాటా పెంపకం.
వీపున టేపు, నలభై ఏడో పేజీలో ఎవరిదో టీ మరక.
"కొత్త ఎక్కడుంది, ఇష్‌బెల్?"

అప్పట్నుంచి ఆ మాట
గొంతులో హెర్రింగ్ ముల్లయి కూచుంది.

బస్సు పాసు రెన్యూ:
పన్నెండేళ్ల నాటి అదే ఫొటో, చాచే వేళ్లే వంకర్లు పోయాయి.
చేపల గోదాము లీజు రెన్యూ:
అద్దె ఒక్కటే కొత్త.
మర్డో, ఊనా నలభై ఏళ్లకి చర్చి హాల్లో
పెళ్లి ప్రమాణాలు రెన్యూ చేసుకున్నారు.
అప్పుడు మరిచిపోయిన చోటే ఇప్పుడూ మరిచిపోయాడు,
అప్పుడు అందించినట్టే ఆమె అందించింది.
హాలంతా నవ్వింది. నేనెందుకో నవ్వలేకపోయాను.
మార్చిలో కొండ మీద ముదురు హెదర్ పొదల్ని తగలబెట్టి
మసి మొహంతో దిగొచ్చిన అలస్టర్ కూడా
అదే మాటన్నాడు.
కాల్చడం కూడా ఇందులోకే వస్తుందన్నమాట.

లెతెబ్రహాన్ ఈ దేశంలో ఉండొచ్చనే కాగితం
జనవరిలో రెన్యువల్‌కి వెళ్లింది.
వెళ్లిన నాటి నుంచి బల్ల మీద ఫోను బోర్లా పెట్టి
ప్రతి రెండు నిమిషాలకీ వెల్లకిలా తిప్పి చూస్తుంది.
"క్లాసులో నేర్పారు," అంది ఒకరోజు,
"నేను రెన్యూ చేస్తాను, అందులో నేను కర్త అట.
వ్యాకరణంలో అంతే.
అసలు కర్త ఎప్పుడూ కౌంటర్ అవతలే ఉంటాడు."
నా చెయ్యి మౌస్ మీద అలాగే ఆగిపోయింది.
ఆవిడకి అవతల కూచున్నది నేనే కదా.

తొమ్మిదోసారి తెర ఒప్పుకోలేదు.
వేరెవరో పుస్తకం కోరారట.
ఆమె వాదించలేదు.
కాదనిపించుకోవడం అలవాటైనవాళ్లు
పుస్తకాన్ని ఎంత నెమ్మదిగా కింద పెడతారో
అప్పుడే చూశాను.

కోరింది మర్డో.
పడవ లైసెన్సు ఈసారి కట్టలేదు, మోకాళ్లు వద్దన్నాయి.
ఖాళీ చేతులకి ఏదో ఒకటి కావాలి కదా.
రెండు వారాలకి తిరిగొచ్చి నూట పన్నెండో పేజీ విప్పాడు.
ఏటేటా పైమట్టిని రెన్యూ చెయ్యాలి అన్న వాక్యం పక్కన
పెన్సిలుతో, చేతులెత్తి నిలబడ్డ మనుషుల్లాంటి అక్షరాలు.
చెరపడం నా ఉద్యోగం. సొరుగులో రబ్బరు ఉంది కూడా.
"చెరపకు," అన్నాడు, "ఏం రాసిందో అడుగు."

ఏప్రిల్‌లో అడిగాను.
"హద్దిష్. మా భాషలో కొత్త అని."
"ఆ చివర గుర్తు?"
"ప్రశ్న."

కాగితం ఇంకా రాలేదు.
కౌంటర్ మీద పెరుగు డబ్బాలో మూడు టమాటా మొలకలు,
ఆమెకివ్వమని మర్డో వదిలి వెళ్లినవి,
కిటికీ వైపు మెడలు చాచి ఉన్నాయి.
వాటికెవరూ గడువు చెప్పలేదు.

పుస్తకం మళ్ళీ ఆమె పేరున రాశాను.
రబ్బరు కోసమో మరి దేనికోసమో సొరుగు లాగితే
అడుగున దొరికింది పాత ముద్ర.
చక్రం ఎప్పటిదో ఒక జూన్ దగ్గర తుప్పు పట్టి బిగిసింది.
అయినా సిరా అద్ది వేశాను, ఠక్.

లెతెబ్రహాన్ వంగి చూసింది.
"ఇది గడిచిపోయిన తేదీ."
"అవును," అన్నాను.
"ఇంకోసారి వెయ్యి," అంది.