గంజి ఒక గరిటెడు

తార్నాకలో మెట్రో దిగేసరికి ఎనిమిదీ పది.
పిల్లరు కింద తోపుడుబండి మీద
పొద్దున్నుంచీ వాడిపోయిన పాలకూర
నీళ్లు చల్లగానే ఇప్పుడే నిద్రలేచినట్టు నటిస్తోంది.
"రెండు కట్టలు తీస్కో అక్కా, బండి కట్టేస్తున్న."
పావుకిలో బీన్స్, పచ్చి బఠాణీ,
కొసరుగా నాలుగు కొత్తిమీర రెమ్మలు.

ఫ్రిజ్‌ పై అరలో ప్యాకెట్ ఉంది,
రాయదుర్గంలో ఆఫీసు కింద ఏసీ కొట్లో కొన్నది.
రెండు వందల గ్రాములు, నాలుగు వందల పది రూపాయలు.
పైన అందంగా బేకన్ అని రాసుంది.
బేకన్ అంటే ఎవరూ ముక్కు మూసుకోరు.

లాలాగూడ రైల్వే క్వార్టర్లో
మా అమ్మ దీన్నే ఉప్పూ మిరియం పట్టించి
పొయ్యి మీద దండేనికి ఆరేసేది.
ఆ దండేనికీ పేరు లేదు, ఆ కూరకీ పేరు లేదు.
సోమవారం బడిలో "నిన్న మీ ఇంట్లో ఏం కూర?" అంటే
మటన్ అనేదాన్ని.
మా ఇంట్లో ఎన్నడూ కోయని మేకలు
నా నోట్లో ఎన్ని చచ్చాయో!
పంది అంటే మా క్లాసులో
ఎక్కాలు రానివాడికి సారు పెట్టే పేరు.

సరే, ఆకలేస్తోంది.
పెద్ద గిన్నెలో నీళ్లు, చేతికి అందినంత ఉప్పు.
చల్లటి మూకుట్లోనే ముక్కలు వేసి
సన్న సెగ పెట్టాలి.
నూనె అక్కర్లేదు,
తన ఖర్చు తానే తెచ్చుకునే చుట్టం ఇది.
కాసేపటికి అంచులు ముడుచుకుని
చిటపటమని ఏదో చెప్పుకుంటాయి.
నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి అందులోకి.

జెమీమా స్టూలెక్కి బఠాణీలు ఒలుస్తోంది.
పదింటిలో మూడు గిన్నెలోకి చేరడం లేదు.
పాస్తా ఉడుకుతున్న నీళ్లలోనే
చివరి మూడు నిమిషాలకి బీన్స్, బఠాణీ.
ఇంకో గిన్నె ఎవరు తోముతారు?

ఎదురు ఫ్లాటు సువర్చల గారు
మొన్నటి పులిహోర డబ్బా కోసం వచ్చి
గుమ్మంలోనే ఆగారు.
"కమ్మగా వాసనొస్తోందే, ఏం తాళింపు?"

నా నాలుక చివర బేకన్ ఉంది.
ఇస్త్రీ చేసిన చొక్కాలాంటి మాట.
నేను నోరు తెరిచేలోపే స్టూలు మీద నుంచి
"పంది, ఆంటీ! మా అమ్మమ్మ కూడా చేస్తది."

మధ్యలో దూరడానికి కుక్కర్ కూత కూడా లేదు.
మరుగుతున్న నీళ్ల చప్పుడొక్కటే.
"అట్లానా," అన్నారావిడ.
డబ్బా అందుకుంటూ గిన్నె వైపు ఓ చూపు చూసి,
"మా ఇంట్లో పడదులే.
ఆ బీన్స్ మాత్రం ఇక దించెయ్యి,
ఇంకో నిమిషం ఉంటే రంగు పోతుంది."

ఆవిడ చెప్పింది నిజం. దించాను.
ఆ కంగారులో నీళ్లన్నీ సింకులో వంచబోయి
చివర్లో గుర్తొచ్చి గిన్నె ఎత్తిపట్టాను.
గరిటెడు మిగిలింది,
అన్నం వార్చిన గంజిలాగే చిక్కగా, తెల్లగా.
అమ్మ అందులో ఉప్పుగల్లు వేసి తాగమనేది,
మిగిలింది ఆదివారం తెల్ల ఫ్రాకుకి పట్టించేది.
ఇప్పుడది మూకుట్లోకి వెళ్లగానే
విడివిడిగా తేలుతున్న కొవ్వు
పాస్తాని పట్టుకుని మెరిసింది.
పాలకూర గుప్పెళ్లకొద్దీ వేశాను,
ఇంతెందుకు అనుకునేలోపే పిడికెడైంది.
మిరియాల పొడి. సగం నిమ్మకాయ.

తొమ్మిదికి పది నిమిషాలు.
నైట్ డ్యూటీ దిగి ఆరింటికొచ్చే రూబెన్ కోసం
ఒక గిన్నె పక్కన పెట్టాను.
చల్లారిందైనా నిలబడే తినేస్తాడు.

జెమీమా పళ్లెం నాకి, వేళ్లు నాకి
"రేపు బడికి బాక్సులో ఇదే పెడతావా?" అంది.
పెడతానన్నాను.
వెంటనే అన్నాను, నిజంగానే అన్నాను.
చెయ్యి మాత్రం అరలో
మూత బిగుతుగా పట్టే డబ్బా కోసం
దానంతట అదే వెతుకుతోంది.