ఒంటి జోడు

ఇబార్ నది అవతలి ఒడ్డు నుంచి
ఒక్క బూటు వచ్చింది.
ఎడమది.
ఉల్లిపాయల సంచిలో చుట్టి షెబాన్ తెచ్చాడు.
పదకొండేళ్ళవాడు, రెండు ఒడ్లకీ పరాయివాడు,
అందుకే మిత్రోవిత్సా వంతెన మీద
వాణ్ణి ఎవరూ ఆపరు.

"స్తోయాంక పంపింది. మడమ ఊడింది."
"రెండోదేదిరా?"
భుజాలెగరేశాడు.
"నువ్వు తిరిగివ్వకపోతే
ఒకటైనా మిగుల్తుందంట."

నవ్వొచ్చింది. కాసేపటికి పోయింది.
ఒంటి బూటు మిగిలి ఎవరికి లాభం?
అయినా ఆ లెక్క నాకు కొత్త కాదు.
ఈ ఊళ్ళో అందరం చేసేది అదే,
సగం పంపి సగం దాచుకోవడం,
ఆ తర్వాత జీవితమంతా కుంటడం.

స్తోయాంక నాకు తెలుసు.
గని ఆఫీసులో జీతాల కిటికీ వెనక కూచునేది.
మా నాన్న వేలిముద్ర వేసినప్పుడల్లా
సిరా తుడుచుకోమని తన చేతిరుమాలు ఇచ్చేది,
అటు చూడకుండా, ఆయన సిగ్గుపడకుండా.
అది గుర్తుంది.

ఇంకోటీ గుర్తుంది.
మా తమ్ముడు ఆగిమ్‌ని మెట్ల మీదుగా ఈడ్చుకెళ్ళిన రాత్రి
ఎదురు ఫ్లాటులో దీపం ఆరింది.
వాళ్ళ ఫ్లాటే.
భయపడి ఆర్పారో, చూడకూడదని ఆర్పారో.
ఆ వేసవిలోనే వాళ్ళు వంతెన దాటి వెళ్ళిపోయారు.
పాతికేళ్ళయింది.
నిద్రలో ఇప్పటికీ ఆ స్విచ్చు చప్పుడుకే లేస్తాను.

ఇక్కడ నిజం చెప్పాలి.
ఆ మడమకి నాలుగు మేకులు కొట్టాను.
నాలుగోది కాస్త పొడుగు.
తెలిసే కొట్టాను.
మూడు వారాలు నడిస్తే గానీ మొన పైకి రాదు.
ఎవరికీ తెలీదు.
తెలిస్తే మావాళ్ళు కొందరు కాఫీ తాగించేవాళ్ళు.

అంటు సరిగ్గా కూచుందా అని
అలవాటు కొద్దీ లోపల చెయ్యి పెట్టాను.
ఐదు వేళ్ళ గుంటలు తగిలాయి.
చిటికెనవేలి దగ్గర దూది కుక్కి ఉంది,
కాయ కాసిన చోట.
ఆమెకి అప్పటికే నొప్పి ఉంది.
నేను పెట్టబోయేది రెండోది.

పటకారుతో పీకేశాను.
దయ అనకండి దాన్ని.
నా చేతిపని చూసి నాకే సిగ్గేసింది, అంతే.
బెజ్జాన్ని మైనంతో పూడ్చాను.
కనిపించదు. ఉంది.

కాఫీ దుకాణంలో మా పెద్దలు
'బెసా' అని బల్ల గుద్దుతారు.
ఇచ్చిన మాట అని, ప్రాణం కన్నా ఎక్కువని.
కాదనను.
నాకు మాత్రం అది
ముప్పై ఏడో నంబరు కాలికి సరిపోయేంత చిన్నదిగా కనిపించింది ఆ రాత్రి,
అట్ట మీద పెన్సిలుతో గీసుకోగలిగినంత.
గీసుకున్నాను కూడా, మడమ ఎత్తుతో సహా.
ఎందుకో అప్పుడు తెలీదు.

షెబాన్‌తో కబురంపాను.
"ఒకటి ఎత్తయింది. కుడిది కూడా సరిచెయ్యకపోతే
నడుం పట్టేస్తుందని చెప్పు."

తొమ్మిది రోజులు జవాబు లేదు.
పదోరోజు వానలో అదే సంచి.
లోపల కుడి బూటు.
కుడిది మాత్రమే.
ఎడమది ఆమె దగ్గరే అట్టిపెట్టుకుంది.

ఈసారి నవ్వు వచ్చి, ఉండిపోయింది.
అట్ట తీశాను, గీత చూసి తోలు కోశాను.
నాలుగు మేకులు. నాలుగూ పొట్టివే.
స్విచ్చు సంగతి ఎప్పుడో అడుగుతాను.
అడగనూ వచ్చు, అడగలేకపోనూ వచ్చు.
బూటులో పెట్టి పంపే ప్రశ్న కాదది.

"నీకు డబ్బులెవరిస్తార్రా, ఆమెనా, నేనా?"
షెబాన్ గుమ్మంలోనే నిలబడి నీళ్ళోడుతున్నాడు.
అప్పుడు చూశాను వాడి కాళ్ళకేసి,
ఇన్ని రోజుల్లో మొదటిసారి.
రెండు కాళ్ళకీ రెండు రకాల బూట్లు,
ఒకటి నోరు తెరుచుకుని ఉంది.

కూచోరా, అన్నాను.
విప్పు.
రెండూ.