పంతొమ్మిదో పేజీ

పదకొండేళ్లుగా వాల్దీవియాలో పొగగొట్టాలు తోముతున్నాను.
నా గోళ్ల కింద సగం ఊరి మసి ఉంది.
అయినా సెర్చ్ చేసేవాళ్లకి
నేను పంతొమ్మిదో పేజీలో ఉంటాను,
అటకెక్కిన ఇత్తడి చెంబులా.

సైటు నెత్తిన పేరు ఇలా ఉండేది:
"దక్షిణ ప్రాంత సమగ్ర ఉష్ణ పరిష్కారాలు."
మా బావ పెట్టించాడు, పెద్ద సంస్థలా వినపడాలని.
పేరు గొప్ప. ఊరు దిబ్బ.

మేడ మీది నిబాల్దో దిగి వచ్చాడు.
ఫీజుకి బదులు ఒక బండి ఎండుకట్టెలు అడిగాడు.
లాప్‌టాప్ తెరిచి, దాన్ని చూడకుండా నన్ను చూసి,
"ఫోన్ ఎత్తగానే వాళ్లు ముందు ఏమంటారు, యాస్నా?"

ఏమంటారు?
ఉష్ణం అనరు. పరిష్కారం అనరు.
"పొగ వెనక్కి తంతోందమ్మా" అంటారు.
"గొట్టంలో ఏదో గోకుతోంది" అంటారు.
"కట్టెలు పచ్చివే, నాకు తెలుసు, తిట్టకుండా రా" అంటారు.

"అవే రాయి."

అంత సిగ్గుపడుతూ నేనే పనీ చేయలేదు.
జనం మాటలు జనానికే అప్పజెప్పడం,
అరువు తెచ్చిన పిండితో అట్టు పోసి
అరువిచ్చిన ఇంటికే పంపినట్టు.

ఇంకా ఉన్నాయి చిల్లర పనులు.
ఫొటోలకి పేర్లు లేవు, అంకెలే.
నలభై మూడు అంటే లాస్ ఆనిమాస్ వీధిలో
తుప్పు తిన్న గొట్టం టోపీ అని నాకు తెలుసు.
వెతికి పెట్టేదానికి తెలియదు,
పక్కన కూర్చుని చదివి వినిపించాలి.
ఒక్కోటీ బండరాయంత బరువు.
అది తెరుచుకునేలోగా
పాత ఫోన్లవాళ్లు విసిగి వెళ్లిపోతున్నారు,
మరి నన్ను పిలిచేది వాళ్లే.

ఇక మ్యాపు.
అది నా కొట్టుని కయ్యె-కయ్యె నది
నట్టనడుమ పెట్టింది.
ఒకాయన నిజంగానే గట్టు మీదికి పోయి ఫోన్ చేశాడు,
ఎదురుగా సీ లయన్లు తప్ప ఎవరూ లేరే అని.
రెండేళ్లు నేను నీళ్లలో ఉన్నాను.
చెప్పింది ఆ ఒక్కడే.

మధ్యలో శాంటియాగో నుంచి ఒక తేనె గొంతు:
"ముప్పై రోజుల్లో మొదటి స్థానం మేడం, గ్యారంటీ."
పొగగొట్టంలోకి ఎప్పుడైనా తొంగి చూశావా నాయనా, అన్నాను.
పెట్టేశాడు.

ఏప్రిల్‌లో పద్నాలుగో పేజీ. మేలో ఆరు.
ఎందుకు ఆరు? నిబాల్దోకీ సరిగ్గా తెలియదు.
"పిండి పులవాలి కదా" అంటాడు.

ఒక్క పేజీ దగ్గర మాత్రం బావ గొడవపడ్డాడు:
"నన్ను పిలిచే ముందు మీరు చేయాల్సినవి."
పిలవకుండానే పని జరిగితే నువ్వు తినేదేంటి, అని.
ఉంచాను.

జూన్. ఉత్తరపు గాలి. రాత్రి రెండున్నర.
నియెబ్లా నుంచి ఎవరో ఆమె.
గొంతు వణుకుతోంది, మాటలు మాత్రం వరసలో ఉన్నాయి:
"స్టవ్ వెలిగిస్తే తలనొప్పి ఎందుకు అని వెతికాను.
మీరు రాసినట్టే చేశాను.
పిల్లల్ని లేపి బయటికి తెచ్చాను.
తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. వానలో, కారులో ఉన్నాం."
ముందు అంబులెన్సుకి చెయ్యమ్మా, అన్నాను.
"చేశాను. అదీ మీరే రాశారు."

ఇక నాకు చెప్పడానికేమీ మిగల్లేదు.
ఫోన్ పెట్టకుండా కూర్చున్నాను.
ఆ చివర వాన, ఈ చివర వాన.
చిన్నపిల్ల ఎవరో చెప్పులు అడుగుతోంది.

తెల్లారి వెళ్లి గొట్టంలోంచి తీశాను
పక్షి గూడు, పిడికెడంత.
ఫొటో తీసి, బరువు తగ్గించి, పేరు పెట్టాను.

ఇవాళ మొదటి పేజీలో నాలుగోదాన్ని.
పైన ముగ్గురున్నారు,
మా ఊళ్లో వాన ఏ వైపు నుంచి కొడుతుందో తెలియనివాళ్లు.

మా భాషలో పొగ అనే మాట
పలకని అక్షరంతో మొదలవుతుంది.
నా కీబోర్డులో
ఆ మీట మీదే మసి ఎక్కువ.