ఫ్లోరోయురాసిల్

రేపు ఫార్మకాలజీ ఇంటర్నల్.
కడప రిమ్స్ మెట్ల మీద కూచోని వల్లెవేస్తున్నా:
వేగంగా చీలే కణాలను చంపును.

కణితికీ, నోటి లోపలి పొరకీ
తేడా తెలీదు ఈ మందుకి.
రెండూ తొందరపడేవే కదా.

పొద్దున ఓపీలో ఎర్రగుంట్ల ఓబులమ్మ
నోరు తెరిచింది.
అద్దం పెట్టబోయి ఆగినా.
"సంగటి మింగి పన్నెండు దినాలాయ నాయనా,
ఊరిబిండి వాసన చూచ్చాండా, అంతే."

ఈసారి మందెక్కించేటప్పుడు
ఐసుముక్క చప్పరించమన్నా.
పుస్తకంలో అది ఒకటిన్నర వాక్యం.

"ఐసా! గొంతు పట్టుకుంటాదని
మనవనికి కొనియ్యనంటినే"
నవ్వబోయి
బుగ్గ పట్టుకుంది.

రెండు మార్కుల ప్రశ్న.
పేజీ అంచున పెన్సిల్‌తో
ఊరిబిండి అని రాసుకున్నా.
పరీక్షలో అడగరు.