రుమాలు వేసిన సీటు

చేతులకి చేపల వాసన.
సబ్బుకి పోదు, నిమ్మచెక్కకి పోదు.
కాన్వెంట్ జంక్షన్లో బస్సెక్కితే
పక్క సీటావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని
"హార్బర్ నుంచా అమ్మా? వంజరం ఎంతుంది ఇవేళ?" అంది.
నేను చేప ముట్టి వారమైంది.
ఇది అమీన్ వాసన అని చెప్పడానికి
సింధియా దాకా టైముంది గానీ
నాకే ఓపిక లేదు.
ఆరొందలు అన్నాను.

మొదట అది పెన్సిలు ముక్కలోని నలుపే.
మంచుగడ్డల మధ్య గాజుకుప్పె దించి
ఆమ్లం పోసి
పర్మాంగనేట్ చిటికెడు చిటికెడుగా వేసి
(తొందరపడితే పేలుతుంది)
పొయ్యి మీద పాలకి కాసినట్టు కాపలా కాస్తే
బురద రంగు ముద్ద దిగింది.
కడిగాను, పదకొండు సార్లు,
నీళ్ళలో పులుపు చచ్చేదాకా.
విడదీస్తే ఉల్లిపొర దీని ముందు దుప్పటి,
ఒక్క పరమాణువు మందం.
ఆ పొర అంచుల్లో, చిరుగుల్లో
అమీన్ చేతులు కుట్టాను.
కొక్కేలు కావు, చేతులు.
పట్టుకోవాలి, వేడి తగిలితే వదిలేయాలి.
రెండోది రాకపోతే మొదటిది దండగ.

ఇబ్బందల్లా ఈ ఊరి గాలితోనే.
పొడిగాలిలో ప్రతి నమూనా బుద్ధిమంతురాలే.
కిటికీ తెరిచి సముద్రం గాలి తగిలించామా,
కార్బన్ డయాక్సైడ్ వచ్చేలోగా
నీటి ఆవిరి ముందే చేరిపోతుంది,
బయటినుంచే రుమాలు విసిరి సీటు ఆపుకున్నట్టు.
జూన్ నెల విశాఖలో
ఏ రంధ్రంలో చూసినా రుమాళ్ళే.
పన్నెండు, పధ్నాలుగు, పదహారు
అలా పోయినవే.

నైట్రోజన్ సిలిండర్ దొర్లించుకుంటూ జోజప్ప వచ్చాడు.
ఇరవై రెండేళ్ళు రేవులో బొగ్గు దించిన మనిషి.
దగ్గొస్తే రుమాలు అడ్డం పెట్టుకుంటాడు,
తీసి చూసుకుంటాడు,
మడిచి జేబులో పెట్టుకుంటాడు.
"ఎంత పట్టిందమ్మా?" అన్నాడు
వల లాగినవాళ్ళని అడిగినట్టు.
గ్రాముకి నూట ముప్పై మిల్లీగ్రాములు అన్నాను.
గొప్పగానే అన్నాను.
చూపించమన్నాడు.
గోరు మీద చూపించాను.

"మా జ్ఞానాపురంలో పొద్దున్నే గుమ్మం ఊడిస్తే
చేటలోకి ఇంతకంటే ఎక్కువే వస్తాది."
అది బొగ్గు, ఇది వాయువు, కంటికి కనపడదు అన్నాను.
"ఒక తల్లి బిడ్డలే కదమ్మా."
ఒక తల్లి బిడ్డలే.
నేను కుట్టిన పొర కూడా ఆవిడ బిడ్డే.
దొంగని పట్టుకు రమ్మని
తమ్ముణ్ణి పంపించినట్టు.

"మరి పట్టినదాన్ని ఎక్కడ పెడతారు?"

ఇవాళ మధ్యాహ్నం నూట పది డిగ్రీల దగ్గర
నమూనా పదిహేడు
తను పట్టిందంతా వదిలేసింది.
గ్రాఫు మీద గీత నున్నగా దిగింది.
చప్పట్లు కొట్టుకున్నాం.
ఆ వాయువు సన్నగొట్టంలోంచి కిటికీ దాటి
యారాడ కొండ వైపు వెళ్ళిపోయింది.
అది జోజప్పకి చెప్పలేదు.
ఇంకా అక్కడిదాకా రాలేదు, అన్నాను.
"రండమ్మా, నిదానంగా రండి" అని
ఖాళీ సిలిండర్ దొర్లించుకుంటూ వెళ్ళాడు.
నాలుగే మెట్లు.
రెండు సార్లు ఆగాడు.

పద్దెనిమిదో నమూనాకి
నీళ్ళంటే గిట్టని పూత ఒకటి వేసి చూడాలి.
రేపు పొద్దున్నే మంచుగడ్డ కొనాలి.
హార్బర్లో చేపల కోసం కొట్టే ఐసే చవక.
ఎలాగూ వెళ్తాను కదా,
వంజరం ధర నిజంగా ఎంతో
కనుక్కుంటాను.